పెద్దపేగు క్యాన్సర్ చికిత్సకు తోడుగా ఆయుర్వేదం, యోగా, ఆహారం: ఏది, ఎప్పుడు, ఎలా కలుపుకోవాలి

పెద్దపేగు లేదా మలాశయ క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిన వారం తిరక్కుండానే ఇంటికి సలహాలు కూడా వచ్చి చేరతాయి. ఒకరు తిప్పతీగ కషాయం అంటారు, మరొకరు లక్ష్మణఫలం ఆకులంటారు, అమెరికాలో ఉన్న పిల్లలు సప్లిమెంటు సీసాలు పంపిస్తారు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మోసమని తోసిపారేయడం సరికాదు, సహజమైనవే కదా, హాని ఏముందిలే అని మింగేయడం అంతకన్నా ప్రమాదం. వీటిలో కొన్ని నిజంగానే బాధను తగ్గిస్తాయి, కొన్ని ఒక కీమో మందుతో పరవాలేదు గానీ మరో మందుతో పడవు, ఇంకొన్నింటిని చికిత్స పూర్తయ్యే వరకు ఇంట్లోకే రానివ్వకూడదు. అందువల్ల దేన్ని మొదలుపెట్టే ముందైనా మూడు సంగతులు తేల్చుకోవాలి: మీకు ఇస్తున్న కీమో మందు పేరేమిటి, ఆ సైకిల్‌లో (ఒక విడత కీమో, దాని తర్వాతి విరామం కలిసిన కాలం) ఇవాళ ఎన్నో రోజు, ఏ బాధ తగ్గడానికి ఈ తోడు వైద్యం కావాలనుకుంటున్నారు.

1. అసలు చికిత్స తేదీలను కదపకండి

ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఏవీ తీసుకోకుండా ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవారు ఏమయ్యారో అమెరికా జాతీయ క్యాన్సర్ వివరాల నుంచి పరిశీలించి 2018లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకని దశలోనే ఉన్నా, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల్లో అలా ఎంచుకున్నవారికి మరణ ముప్పు సుమారు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే బృందం ఆ ఏడాదే చేసిన మరో పరిశీలనలో, రకరకాల క్యాన్సర్లకు అసలు చికిత్సతోపాటు తోడు వైద్యం కూడా వాడినవారికి సైతం ముప్పు రెట్టింపుగా తేలింది. కారణం వెతికితే, ఆ వర్గంలో ఆపరేషన్‌నో, కీమోనో, రేడియేషన్‌నో వద్దన్నవారు ఎక్కువగా ఉన్నారని బయటపడింది. అంటే తోడు వైద్యం చాలామందిని అసలు చికిత్స నుంచి కొంచెం కొంచెంగా పక్కకు లాగుతుంది.

మన దగ్గర ఈ లాగుడు "ఒక మండలం రోజులు నాటు మందు వాడి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు కీమో" అన్న మాటతో మొదలవుతుంది. ఆపరేషన్ తర్వాత కీమో అవసరమైతే దాన్ని సాధారణంగా ఎనిమిది వారాల లోపు మొదలుపెడతారు, ఆలస్యమయ్యే కొద్దీ దానివల్ల కలిగే ప్రయోజనం తగ్గుతుంది. ఆ ఎనిమిది వారాల్లో నలభై రోజులు పసరు మందుకు పోతే మిగిలేది చాలా తక్కువ. ఖర్చుకు వెనకాడి అటు వెళ్తున్నట్లయితే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉందన్నది ముందు కనుక్కోండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల సోషల్ వర్కర్లను అడిగితే దారి చెబుతారు. ఇంకొక మాట: క్యాన్సర్‌ను నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది, కాబట్టి గోడ మీదైనా, వాట్సాప్‌లోనైనా అటువంటి ప్రకటన కనిపిస్తే ఇచ్చినవారి సంగతి అక్కడే అర్థమవుతుంది.

2. లోపలికి వెళ్లే ప్రతిదాన్నీ రాసి ఫైలులో పెట్టండి

ఒక తెల్ల కాగితం మీద మీరు వాడుతున్నవన్నీ రాయండి: బీపీ, షుగర్ మాత్రలతోపాటు ఉదయం తాగే కషాయం, చ్యవనప్రాశ, హోమియో గుళికలు, బలానికి వేసుకునే బీ కాంప్లెక్స్, రాత్రి పూట త్రిఫల చూర్ణం, అన్నీ. ప్రతిదాని పక్కన ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి అన్నది ఉండాలి. సీసా ముందువైపు పేరును కాక వెనకవైపు దినుసుల పట్టీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పట్టీ లేని పొడిని, దినుసులు చెప్పనని భీష్మించే వైద్యుడి మందును వాడకపోవడమే మంచిది. నేను ఆయుర్వేద శాస్త్రాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు, నమోదైన ఆయుర్వేద వైద్యుడు అడిగితే దినుసులు రాసిస్తారు. ఇంటర్నెట్‌లో అమ్ముడయ్యే ఆయుర్వేద మందులను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది, భస్మాలు, రసౌషధాలలో ఆ వాటా ఇంకా ఎక్కువ. కీమో భారాన్ని మోస్తున్న కాలేయం, మూత్రపిండాల మీద లోహాల భారం కూడా వేయడం తగదు.

కిటకిటలాడే ఓపీలో డాక్టరుకు మీతో మాట్లాడేందుకు దొరికేది కొద్ది నిమిషాలే. అక్కడ "ఆయుర్వేదం వాడొచ్చా సార్" అని అడిగితే "వద్దు" అనో "మీ ఇష్టం" అనో సమాధానం వస్తుంది, రెండింటివల్లా మీకు ఒరిగేది లేదు. "ఈ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంది, నాకిచ్చే కీమో మాత్ర కాపెసిటాబిన్‌తో వేసుకోవచ్చా మేడమ్" అని అడిగితే ఖచ్చితమైన జవాబు వస్తుంది. ఇంగ్లీషు చదవగలిగినవారు ఇంట్లో ఉంటే, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం ఉచితంగా అందుబాటులో ఉంచిన "అబౌట్ హెర్బ్స్" పట్టికలో ఒక్కో మూలిక ఏ మందుతో పడదో ముందుగానే చూసుకుని వెళ్లవచ్చు.

3. మీ కీమో మందుతో సరిపోల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన మెట్టు ఇది. డిశ్చార్జి సమ్మరీలో లేదా కీమో చీటీలో మందు పేరు వెతకండి.

కాపెసిటాబిన్ మాత్రలు లేదా 5-ఎఫ్‌యూ ఇంజెక్షన్ ఉంటే, ఫోలిక్ యాసిడ్ విషయంలో జాగ్రత్త పడాలి. ఈ మందుల బలాన్ని ఫోలేట్ పెంచుతుంది. అందుకే 5-ఎఫ్‌యూతో లూకోవోరిన్ అనే ఫోలేట్ రూపాన్ని డాక్టర్లే లెక్క ప్రకారం ఇస్తారు. లెక్క లేకుండా ఇంట్లో అదనంగా వేసుకుంటే నోటిపూత, విరేచనాలు, అరిచేతులు అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేవడం తీవ్రమవుతాయి. మెడికల్ షాపులో "నీరసానికి" అని ఇచ్చే మల్టీవిటమిన్, బీ కాంప్లెక్స్ మాత్రలలో చాలా వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఆకుకూరల్లో ఉండే ఫోలేట్ గురించి బెంగ అక్కర్లేదు, తోటకూర పప్పు మానుకోవలసిన పని లేదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నవారు కాపెసిటాబిన్ మొదలుకాకముందే ఆ సంగతి చెప్పి తీరాలి.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకుంటున్నట్లయితే నరాలు చల్లదనాన్ని తట్టుకోలేవు. కీమో రోజున, ఆ తర్వాత కొద్ది రోజులపాటు చల్లని నీటి గుటక గొంతును బిగపట్టినట్లు చేస్తుంది, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. మే నెల ఎండల్లో ఐసు వేసిన సబ్జా షర్బత్తు, కుండ నీళ్లు, ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ చలవ చేస్తాయని ప్రేమతో ఇస్తారు, ఆ కొద్ది రోజులూ గోరువెచ్చని నీరే తాగాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. తెల్లవారుజామున చన్నీళ్ల తలస్నానం, చన్నీటితో గిన్నెలు తోమడం కూడా ఆ రోజుల్లో వద్దు. పక్క మంచం మీది రోగి నోటిపూత రాకుండా ఐసుముక్కలు చప్పరిస్తుంటే చూసి మీరూ అడగకండి, 5-ఎఫ్‌యూను ఒక్కసారిగా ఇంజెక్షన్‌గా ఇచ్చేవారికి ఆ పద్ధతి పనికొస్తుంది గానీ ఆక్సాలిప్లాటిన్ ఉన్నవారికి పనికిరాదు. తిమ్మిర్లు రాకుండా అని చాలామంది నరాల బలం మాత్రలు వాడతారు, వాటిలో అసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉందేమో చూడండి. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో జరిపిన పరీక్షలో అది తిమ్మిర్లను తగ్గించకపోగా పెంచింది, అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సంఘం దాన్ని ఈ పనికి వాడవద్దని మార్గదర్శకాల్లోనే చెప్పింది. లక్ష్మణఫలం ఆకుల కషాయం విషయంలోనూ ఇదే ఇబ్బంది. ఆ పండు, ఆకులు ఎక్కువగా వాడే కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బు ఎక్కువగా కనిపించి, ఆ మొక్కలోని పదార్థాల మీద అనుమానం బలపడింది. నరాలను ఇప్పటికే దెబ్బతీస్తున్న మందుకు దాన్ని తోడు చేయకండి.

ఇరినోటెకాన్ ఇస్తుంటే ఒక రోజు గడిచాక నీళ్ల విరేచనాలు పట్టుకోవచ్చు. త్రిఫల, సునాముఖి, ఆముదం వంటి భేదిమందులు ఆ రోజుల్లో ఇంట్లో కనిపించకూడదు. దిగులు తగ్గడానికి అని విదేశాల్లో అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ మాత్ర, ఇరినోటెకాన్ శరీరంలో మారి పనిచేసే రూపాన్ని సుమారు నలభై శాతం తగ్గించేస్తుందని పరీక్షల్లో తేలింది. ఆ మాత్ర వేసుకున్నంత కాలం కీమో బాధ మీది, ఫలితం మాత్రం పూర్తిగా దక్కకపోవచ్చు.

కీమోతో కలిపి ఇచ్చే బెవాసిజుమాబ్ అనే మందు బీపీని పెంచుతుంది, రక్తస్రావానికి దారితీయగలదు. దగ్గు కషాయాల్లో వేసే అతిమధురం కూడా బీపీని పెంచి పొటాషియంను తగ్గిస్తుంది, విరేచనాలతో పొటాషియం అప్పటికే తగ్గి ఉంటే గుండె లయకే ముప్పు. వెల్లుల్లి గుళికలు, చేపనూనె, జింకో వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు.

మందు ఏదైనా సరే, కాలేయాన్ని తలచుకోండి. ఈ క్యాన్సర్ పాకితే మొదట చేరేది ఎక్కువగా కాలేయానికే, కీమో మోతాదు నిర్ణయించేది కూడా దాని పనితీరు చూసే. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు, ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను అప్పట్లో అంగీకరించలేదు. ఏ పక్షం వాదన సరైనదైనా, ఎల్ఎఫ్‌టీ (కాలేయ పనితీరు రక్త పరీక్ష) అంకెలు పెరిగితే మీ కీమో వాయిదా పడుతుంది, అది కీమో వల్లనా కషాయం వల్లనా అని తేల్చడం డాక్టరుకు తలకు మించిన పనవుతుంది. అశ్వగంధకూ, మిరియాల సారం కలిపిన పసుపు గుళికలకూ ఇదే మాట వర్తిస్తుంది. కూరలో వేసే పసుపు, చారులో మిరియాలు మీ వంటింటి మోతాదులో ఎప్పటిలాగే వాడుకోండి.

4. ఏ బాధకు ఏది తోడు అన్నది చూసుకోండి

వికారానికి శొంఠి. 576 మంది కీమో రోగులపై జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలో, వాంతుల మాత్రలతోపాటు రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం గుళికలు తీసుకున్నవారికి మొదటి రోజు వికారం తగ్గింది, మోతాదు అంతకుమించి పెంచితే అదనంగా ఒరిగిందేమీ లేదు. తర్వాతి పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు గానీ, పావు నుంచి అర టీ స్పూను శొంఠి పొడి చాలామందికి హాని చేయదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు అడిగి వాడాలి. డాక్టరు రాసిన వాంతుల మాత్రను మాత్రం శొంఠి ఉందని మానకండి. ముంజేతి లోపలివైపు, మణికట్టు మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైకి, రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టడం కూడా కొందరికి ఉపశమనం ఇస్తుంది, దీనికి ఖర్చు లేదు, ఏ మందుతోనూ పేచీ లేదు. సూదులతో చేసే ఆక్యుపంక్చర్‌ను తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు బాగున్నాయని చూసుకున్నాకే చేయించుకోవాలి.

కాపెసిటాబిన్ వల్ల అరిచేతులు, అరికాళ్లు మండటానికి మన దేశపు పరిశోధనే మంచి దారి చూపింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో, మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌ను రోజుకు రెండు పూటలా చేతులకు పట్టించినవారిలో ఈ బాధ ముదిరింది 3.8 శాతం మందికి, మందు లేని జెల్ రాసుకున్నవారిలో 15 శాతం మందికి. జెల్ పేరు ఫైలులో రాసుకుని డాక్టరును అడగండి. యూరియా కలిసిన క్రీము, వదులైన చెప్పులు, వేడినీళ్లకు దూరంగా ఉండటం కూడా కలిసొస్తాయి.

నీరసానికి నడక, నిద్రకు తేలికపాటి యోగా, శ్వాస మీద ధ్యాస, దిగులుకు ధ్యానం: వీటికి ఉన్న ఆధారం గుళికలకు ఉన్న ఆధారం కన్నా చాలా మేలైనది. తోడు వైద్యం మీద పెట్టాలనుకున్న శ్రమలో సింహభాగం ఇక్కడే పెట్టమని నా సలహా.

5. పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

పాలు వద్దు, గుడ్డు వద్దు, పప్పు వేడి, చక్కెర క్యాన్సర్‌కు మేత అంటూ ఒక్కొక్కటే తీసేస్తే చివరకు కంచంలో జావ మిగులుతుంది. బరువు, కండ తగ్గిన రోగికి కీమో మోతాదు తగ్గించవలసి వస్తుంది, ఆపరేషన్ గాయం ఆలస్యంగా మానుతుంది. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము తక్కువ కాకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాముల వరకు ప్రోటీను కావాలని యూరప్ పోషకాహార సంఘం సూచిస్తుంది. అరవై కిలోల మనిషికి అది 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములు ఉంటుంది, కాబట్టి గుడ్లు, పెసరపప్పు, పెరుగు, చేప, పనీరు పూటపూటా పంచుకుంటే తప్ప ఆ లెక్క నిండదు. షుగరు జబ్బు లేనివారు పాయసం రెండు చెంచాలు తింటే క్యాన్సర్ పెరగదు.

తెల్ల రక్తకణాలు పడిపోయే రోజుల్లో పచ్చి గోధుమగడ్డి రసం, కడగని ఆకుల పసరు, బండి మీద కోసిన పండ్లు తీసుకోవద్దు. ఛాతీలో పోర్టు (కీమో ఎక్కించేందుకు చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్నవారు, కణాలు తగ్గినవారు ప్రోబయోటిక్ గుళికలను కూడా డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పేగు ఇరుకైందని చెప్పినా, దాన్ని తెరిచి ఉంచే గొట్టం (స్టెంటు) వేసినా ఇసబ్గోల్, ఎక్కువ పీచు మానుకోవాలి, అక్కడ ఉబ్బి దారి మూసేస్తాయి.

సిరలోకి పెద్ద మోతాదు విటమిన్ సి ఎక్కించే క్లినిక్కులు ఈ మధ్య పట్టణాల్లో కూడా వెలిశాయి. పాకిన పెద్దపేగు క్యాన్సర్‌లో కీమోతో కలిపి ఇచ్చి చైనాలో 442 మందిపై పరీక్షించగా వ్యాధి అదుపు మొత్తం మీద మెరుగుపడలేదు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి దానివల్ల రక్తకణాలు చితికిపోతాయి, గ్లూకోమీటరు కూడా షుగర్‌ను తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

6. ఆపరేషన్‌కు ముందూ వెనకా

మూలికలు, సప్లిమెంట్లను ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఆపేయండి, ఏవి ఆపారో మత్తు డాక్టరుకు చెప్పండి. ఆ రెండు వారాలూ రోజూ నడక, దీర్ఘ శ్వాసలు, ప్రోటీను ఆహారం మీద దృష్టి పెడితే కోలుకోవడం తేలికవుతుంది.

కడుపు కోసి కుట్టాక కపాలభాతి, నౌకాసనం, భుజంగాసనం, కడుపును లోపలికి లాగే బంధాలు సర్జన్ సరేనన్నాకే చేయాలి. స్టోమా బ్యాగు (పొట్ట మీద చేసిన దారి నుంచి మలం చేరే సంచి) ఉన్నవారికి దాని పక్కనే హెర్నియా దిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆసనాలు నేర్పేవారికి బ్యాగు సంగతి మొహమాటం లేకుండా చెప్పండి. కూర్చుని చేసే అనులోమ విలోమం, భుజాలు, మెడ కదలికలు, శవాసనం మాత్రం దాదాపు అందరికీ సరిపోతాయి. మలాశయాన్ని కోసి అతికినవారు, అక్కడ రేడియేషన్ తీసుకున్నవారు వస్తి చికిత్స (ఆయుర్వేద ఎనిమా), కాఫీ ఎనిమా వంటివి చేయించుకోరాదు, అతుకు చిరిగితే మళ్లీ ఆపరేషన్ తప్పదు.

7. ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కషాయం కాచుకుంటూ తెల్లవారేదాకా ఆగకండి, కణాలు తగ్గిన మనిషికి అది గంటల్లో ప్రాణం మీదకు తెస్తుంది. విరేచనాలు రోజువారీ అలవాటు కన్నా నాలుగుసార్లు పెరిగినా, కాపెసిటాబిన్ వాడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, తదుపరి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పండి. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా వాంతులవుతుంటే భేదిమందు తాగించకండి. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం ఊళ్లు తిరగకుండా రక్త పరీక్షకు వెళ్లండి.

8. చికిత్స ముగిశాక

కీమో అయిపోయిన తర్వాత రోగులు అడిగే మొదటి మాట "మళ్లీ రాకుండా ఏం వాడాలి" అని. దీనికి ఇప్పుడు గట్టి జవాబే ఉంది. కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో 889 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మూడేళ్లపాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు, ఇంకో వర్గానికి ఆరోగ్య సలహాల పుస్తకాలు ఇచ్చారు. 2025లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఐదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామ వర్గంలో 80.3 శాతం, రెండో వర్గంలో 73.9 శాతం. ఎనిమిదేళ్లకు ప్రాణాలతో ఉన్నవారు 90.3, 83.2 శాతం. వారు చేసింది కూడా మహా విన్యాసమేమీ కాదు, చాలామందికి అది వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావు గంట నుంచి గంట చురుకైన నడక. ఆపకుండా కొనసాగించడానికి వారికి ఒక శిక్షకుడు ఉన్నాడు, మీ ఇంట్లో ఆ పాత్ర ఎవరు తీసుకుంటారో ముందే అనుకోండి.

నడుస్తున్నాను కదా అని పరీక్షలు మానరాదు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి సీఈఏ (ఈ క్యాన్సర్ తిరగబెడితే పెరిగే అవకాశమున్న ఒక ప్రోటీను) రక్త పరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు సీటీ, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలొనోస్కోపీ సాధారణ క్రమం.

వ్యాధి నయమయ్యే దశ దాటినవారికి లెక్క మారుతుంది. అక్కడ బాధ లేకుండా గడపడమే లక్ష్యం కాబట్టి ఇష్టమైన భోజనం, తైల మర్దన, పూజ, పాట అన్నిటికీ చోటుంటుంది, గడ్డ ఉన్నచోట, రక్తం గడ్డకట్టిన కాలి మీద మాత్రం మర్దన చేయకూడదు. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధల ఉపశమన వైద్యం) విభాగానికి నొప్పి భరించలేనప్పుడు కాక ముందే వెళ్లండి. మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకం తప్పదు, అప్పుడు మార్ఫిన్‌తోపాటే భేదిమందు కూడా రాస్తారు, అది చాలాసార్లు సునాముఖి నుంచి తీసినదే అయి ఉంటుంది. ఇరినోటెకాన్ రోజుల్లో వద్దన్న ఆ ఆకు, పేగు దారి మూసుకుపోలేదని డాక్టరు చూశాక, ఈ దశలో ప్రతి రాత్రీ వేసుకోవలసిన మందు.